ఎక్స్² − 5ఎక్స్ + 6 గ్రాఫ్‌కు రెండు మార్కుల కోత న్యాయమా?

పటమట నాన్న: మా అమ్మాయి విజయవాడలో పదో తరగతి. వై = ఎక్స్² − 5ఎక్స్ + 6 గ్రాఫ్ గీసి శూన్యాలు, అంటే వై సున్నా అయ్యే ఎక్స్ విలువలు, చెప్పమన్నారు. ఎక్స్ విలువ 0 నుంచి 5 వరకు తీసుకుని పట్టిక వేసింది: 6, 2, 0, 0, 2, 6. చుక్కలన్నీ సరిగ్గా పెట్టింది, శూన్యాలు 2, 3 అని రాసింది. అయినా రెండు మార్కులు కోశారు. 2కీ 3కీ మధ్య గీత అడ్డంగా ఉందట!

బ్రాడీపేట మాస్టారు: కోయాల్సిందే. ఆ గీత ఎక్స్ అక్షం మీదే పడింది. అంటే 2.1 కూడా శూన్యమే, 2.7 కూడా శూన్యమే అని రాసినట్టు. ఇలాంటి వర్గ బహుపదికి (ఎక్స్²తో మొదలయ్యేదానికి) రెండుకు మించి శూన్యాలు ఉండవు. 2.5 వేసి చూడమనండి, −0.25 వస్తుంది. వక్రం అక్కడి దాకా దిగి పైకి లేవాలి.

పటమట నాన్న: ఒక యూనిట్‌కు ఒక సెంటీమీటరు చొప్పున అది రెండున్నర మిల్లీమీటర్లు! దానికి రెండు మార్కులా?

కృష్ణలంక: పెన్సిలు చెక్కుకుంటే కనబడుతుంది లెండి.

బ్రాడీపేట మాస్టారు: మిల్లీమీటరైనా మీటరైనా ఈ వక్రం, అదే పరావలయం, అడుగు బల్లపరుపుగా ఉండదండీ. ముగ్గు చుక్కలు కలిపినట్టు స్కేలు పెట్టి కలిపేస్తే ఇలాగే అవుతుంది. పట్టిక మధ్యలో పక్కపక్కనే ఒకే విలువ వస్తే వాటి నడుమ ఇంకొకటి వేసుకోవాలి.

పటమట నాన్న: ఆ ముక్క ఎవరు చెప్పారు? బడిలో పూర్ణసంఖ్యలే వేయమన్నారు, ట్యూషన్లోనూ అదే. అప్పు చేసి ఫీజు కడుతున్నాను. పిల్ల ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది. మీ మాస్టార్లు మాత్రం ఒకరినొకరు వెనకేసుకొస్తారు!

అరండల్‌పేట అమ్మ: ఫోనులో గ్రాఫులు గీసే జియోజీబ్రా యాప్ ఉంటే క్షణంలో గీసి పెడుతుంది. దీనికింత గొడవా?

బ్రాడీపేట మాస్టారు: పరీక్ష హాల్లోకి ఫోను రానివ్వరమ్మా.

పటమట నాన్న: కారణాంకాలు విడదీస్తే చిటికెలో 2, 3 వస్తాయి. జవాబు చేతిలో ఉండగా బొమ్మ దేనికి? మార్కులకే కదా!

బ్రాడీపేట మాస్టారు: ఇప్పుడు బయటపడింది. మీ దృష్టిలో గ్రాఫ్ జవాబుకు పెట్టే బొట్టు. జవాబు తెలియనప్పుడు వెతుక్కోవడానికే అది ఉందని నా వాదన. ఎక్స్² − 5ఎక్స్ + 6లో చివరి 6 తీసి 5 పెట్టండి. పూర్ణసంఖ్యల కారణాంకాలు దొరకవు. అవే ఎక్స్ విలువలకు పట్టిక 5, 1, −1, −1, 1, 5. ఇప్పుడు శూన్యాలు చెప్పండి చూద్దాం.

పటమట నాన్న: అలాంటిది పరీక్షలో ఇవ్వరు.

బ్రాడీపేట మాస్టారు: ఇవ్వాలనే నేనంటాను.

అరండల్‌పేట అమ్మ: మా వాడు గీశాడు. గీత ఎక్స్ అక్షాన్ని 1.4 దగ్గర, 3.6 దగ్గర కోసింది. స్కేలు మాత్రం వదల్లేదు.