నీటికాకుల వల్ల చెరువులో చేపపిల్ల మిగలట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: అన్నా, శంకర్‌పల్లి దగ్గర మాకు ఎకరం చెరువు ఉంది. ఆదివారం వస్తే సిటీ నుంచి గాలం వేయడానికి జనం వస్తారు. జులైలో బొచ్చె, రోహు పిల్లలు నాలుగు వేలు పోశాం. వేలెడంత కూడా లేవు. వారం తిరక్కుండానే నీటికాకులు గుంపుగా దిగాయి. టపాసులు కాల్చినా గంటలో మళ్లీ వస్తున్నాయి. కొట్టించేయమని ఒకాయన అంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ కొట్టించే ఆలోచన మానుకో. 1972 వన్యప్రాణి చట్టం ఈ పక్షులకూ వర్తిస్తుంది, కేసవుతుంది.

నేను కొన్నేళ్లు సియాటిల్‌లో ఉన్నాను. అక్కడ గాలం వేసేవాళ్లకు సాల్మన్ అంటే ప్రాణం. హేచరీల్లో పెంచిన పిల్లల్ని వసంతంలో నదుల్లోకి వదులుతారు. అవి సముద్రం చేరేచోట సీళ్లు అనే చేపలు తినే సముద్ర జంతువులు కాపు కాస్తాయి. సీళ్లకు కూడా అక్కడ 1972లోనే వచ్చిన చట్టం రక్షణ ఉంది. అందుకే వదిలే పద్ధతి మీద దృష్టి పెడతారు. కొన్నిచోట్ల రాత్రిపూట వదులుతారు. కొన్నిచోట్ల ఇంకొన్ని నెలలు పెంచి వదులుతారు.

నువ్వు పట్టపగలు, ఒకే గట్టు దగ్గర పోశావు కదా?

ప్రశ్న: అవునన్నా, పొద్దున పదింటికి. మరి పెద్ద పిల్లల్ని పోస్తే సరిపోతుందా?

జవాబు: నీ చెరువులో చాలావరకు సరిపోతుంది. సీలు ఎదిగిన సాల్మన్‌నే కొరికి ముక్కలు చేసి తింటుంది, దాని ముందు సైజు పెంచినా పెద్దగా ఒరిగేది లేదు. నీటికాకి అలా కాదు, చేపను మొత్తంగా మింగాలి. బొచ్చెకు ఒళ్లు వెడల్పు. జానెడు పెరిగితే మన దగ్గర కనిపించే చిన్న నీటికాకి గొంతులో పట్టదు. పెద్ద నీటికాకి వస్తే మాత్రం ఇంకాస్త పెంచాలి.

కాబట్టి చెరువులో ఒక మూల హాపా, అంటే నీళ్లలో వలతో కట్టే తొట్టి, కట్టి, పైన వల కప్పి, పిల్లల్ని అందులోనే పెంచు. సన్న నైలాన్ వల వద్దు, పక్షుల కాళ్లు చిక్కి చస్తాయి. మందపు దారం వల బిగించి కట్టు. తర్వాత చీకటి పడ్డాక నాలుగైదు చోట్ల వదులు. నీటికాకి కంటితో చూసి వేటాడుతుంది, రాత్రి చెట్టెక్కుతుంది. తెల్లారేసరికి చేపలు చెరువంతా సర్దుకుంటాయి. అవతలి గట్టున తుమ్మకొమ్మలు ముంచితే దాక్కోవడానికి చోటు దొరుకుతుంది. గాలం వేసే వైపు ముంచకు, కొక్కేలు తగులుకుంటాయి.

ఇంకో మాట. పిల్లల్ని తేకముందు ఒకసారి వల లాగించు. కొర్రమట్టలుంటే పక్షులకంటే ముందు అవే తినేస్తాయి.

ప్రశ్న: రెండేళ్ల కింద కొర్రమట్టలు మేమే పోశాం అన్నా. రేపే వల లాగిస్తాను.