పల్లె ముందా, నగరం ముందా: రెసిడెన్సీ మార్పిడిలో ఏ వరుస మంచిది?

ప్రశ్న:
నమస్కారం. నేను తైలవర్ణ చిత్రాలు వేస్తాను. యూరప్‌లో ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాల్లో ఒకదానిలో జరిగే రెసిడెన్సీ మార్పిడికి, అంటే కళాకారులు ఒకరి చోటికి ఒకరు వెళ్లి కొన్నాళ్లు ఉండి పని చేసుకునే ఏర్పాటుకు, ఎంపికయ్యాను. ఆరు వారాలు నగరంలోని స్టూడియోలో, మరో ఆరు వారాలు పల్లెలో స్టూడియోగా మార్చిన పాత ధాన్యపు కొట్టంలో ఉండాలి. ఆ తరువాత అక్కడి కళాకారుడొకరు నా స్టూడియోకు వస్తారు. ముందు ఎక్కడికి వెళ్లాలో నన్నే తేల్చుకోమన్నారు. నగరంలో మ్యూజియంలు చూసి, ఆ ఊపుతో పల్లెలో పని చేసుకోవచ్చని నా ఆలోచన. అయితే ఓపెన్ స్టూడియో (సందర్శకులను స్టూడియోలోకి పిలిచి పని చూపించడం) నగరంలో గడిపే ఆరు వారాల చివర్లోనే ఉంటుందట. అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

మొదటి జవాబు:
పల్లెకే ముందు వెళ్లండి. నేను మీరనుకున్నట్టే నగరంతో మొదలుపెట్టి ఇబ్బంది పడ్డాను. సగం రోజులు పరిచయాలకే పోగా, ఓపెన్ స్టూడియో నాటికి రెండు పచ్చి కాన్వాసులు మిగిలాయి; చూడవచ్చిన ఒకామె కోటు చేతికి నా నీలం రంగు అంటుకుంది. నూనె రంగు నీళ్ల రంగులా ఆవిరై ఆరదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడాలి, చలిలో అది మరీ నెమ్మదిస్తుంది. పైకి ఆరినట్టున్న మందపాటి పూత లోపల నెలల తరబడి పచ్చిగానే ఉంటుంది. పల్లెలో వేసినవి నగరంలో ఉండగా ఆరతాయి. తిరుగు ప్రయాణంలో వాటిని వెడల్పాటి గొట్టానికి, రంగు వైపు బయటకు ఉండేలా చుట్టండి. లోపలికి చుడితే రంగు పొర ముడుచుకుని నలుగుతుంది.

రెండో జవాబు:
పై సలహా తైలవర్ణాలకు సరైనదే కానీ అందరికీ కాదు. ముద్రణ చిత్రాలు చేసేవారికి ప్రెస్ ఎక్కడ ఉంటే అక్కడే పని. అసలు ఈ రెండు చోట్లకూ స్వభావమే వేరు. అమెరికాలో న్యూహాంప్‌షైర్ అడవుల మధ్య 1907లో మొదలైన మెక్‌డొవెల్ అనే రెసిడెన్సీలో పని చెడకూడదని మధ్యాహ్న భోజనం బుట్టలో పెట్టి స్టూడియో గుమ్మం దగ్గర ఉంచి వెళతారు. 1965లో తెరిచిన పారిస్‌లోని సితే ఇంటర్నేషనల్ దెజార్‌లోనైతే మూడు వందలకు పైగా స్టూడియోలు, తలుపు తీస్తే ఇంకో కళాకారుడే. మార్పిడిలో ఈ రెండూ ఒకే మనిషికి దొరుకుతాయి, అందుకే పల్లెను విశ్రాంతి కాలంగా లెక్కవేయడం నాకు నచ్చదు. అక్కడ సాయంత్రం పలకరించడానికి ఎవరూ లేకపోవడం కొందరికి వరం, కొందరికి నరకం. మీరు ఏ రకమో మీకే తెలియాలి.

మూడో జవాబు:
వీసా లెక్క మరవకండి. షెంగెన్ స్వల్పకాల వీసాపై ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు, దిగిన రోజూ బయలుదేరిన రోజూ లెక్కలోకి వస్తాయి. మీ పన్నెండు వారాలకు 84 పోగా చేతిలో ఉండేది ఆరు రోజులే. నూనె రంగును పలచబరిచే టర్పెంటైన్‌ను విమానంలో తీసుకెళ్లనివ్వరు, అక్కడే కొనుక్కోండి. రెండు చోట్ల మధ్య ప్రయాణం, సామగ్రి ఖర్చు ఎవరిదో, వెళ్లేటప్పుడు ఒక చిత్రం వారికి ఇచ్చిరావాలేమో ఒప్పందంలో చూడండి.

ప్రశ్న వేసినవారు:
అందరికీ కృతజ్ఞతలు. పల్లె ముందు అని ఈ ఉదయమే రాసి పంపాను. ఆ కొట్టంలో చలికి హీటర్ ఉందా అని కూడా అడిగాను.