సీలు వేసిన 206 ఇంజన్ల తరగతిలో క్లచ్ స్ప్రింగులను కూడా నిబంధనతో బిగించాలా?

కృష్ణాతీరం (డాలస్):

మా కార్టింగ్ (చిన్న రేసు బండ్ల) క్లబ్బులో వచ్చే సీజనుకు ఒక ప్రతిపాదన చర్చకు వచ్చింది. బ్రిగ్స్ 206 ఇంజన్‌తో పిల్లలు నడిపే జూనియర్ తరగతిలో అందరూ ఒకే రకం డ్రమ్ము క్లచ్, అందులో ఒకే రంగు (అంటే ఒకే బలం ఉన్న) స్ప్రింగులు వాడాలి, సీజను మధ్యలో మార్చకూడదు అన్నది దాని సారాంశం. నేను దానిని సమర్థిస్తున్నాను. ఈ 204 సీసీ ఇంజన్‌ను ఫ్యాక్టరీలోనే సీలు వేసి పంపుతారు, 6100 ఆర్‌పిఎం (నిమిషానికి తిరుగుళ్ళు) దాటకుండా లిమిటర్ ఆపేస్తుంది, పిల్లల వయసును బట్టి కార్బ్యురేటర్‌లో రంగు స్లైడులు పెట్టి గాలిని తగ్గిస్తారు. ఇంత కట్టుదిట్టం చేసింది డబ్బున్నవారి ట్యూనర్లు మిగతావారిని మింగేయకుండా ఉండాలనే కదా. అలాంటప్పుడు క్లచ్‌ను మాత్రం వదిలేస్తే, స్ప్రింగుల పెట్టె, బండి వేగాలను నమోదు చేసే డేటా లాగర్, జీతానికి పెట్టుకున్న మెకానిక్ వెంట తెచ్చుకునే కుటుంబానికి మళ్ళీ తలుపు తెరిచినట్టే అవుతుంది. వారమంతా ఉద్యోగాలు చేసి ఆదివారం పొద్దున బండి దింపుకునే తల్లిదండ్రుల పిల్లలు వారితో ఎలా పోటీ పడగలరు?

ఇనుపచక్రం (హ్యూస్టన్):

కృష్ణాతీరం గారూ, మీ ఆవేదనతో నాకు పేచీ లేదు. అయితే ఈ నిబంధన వల్ల మీరు కోరుకున్న సమానత్వం రాదని నా గట్టి అభిప్రాయం.

ముందుగా, ఒక ల్యాపులో క్లచ్ ఎంతసేపు పని చేస్తుందో చూడాలి. ఇంజన్ క్రాంకు మీద బిగించిన హబ్బు తిరిగేటప్పుడు దాని మీది షూలు (రాపిడి పలకలు) బయటికి విసురుకుపోయి డ్రమ్మును పట్టుకుంటాయి. వాటిని లోపలికి లాగి ఉంచేవి స్ప్రింగులు. ఆ విసురు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 3000 దగ్గర పట్టే క్లచ్‌ను 3300 దగ్గర పట్టేలా చేయాలంటే స్ప్రింగు బలాన్ని పది శాతం పెంచితే సరిపోదు, 21 శాతం పెంచాలి. పట్టు పూర్తిగా బిగిశాక మాత్రం లోపల ఏ రంగు స్ప్రింగు ఉన్నా చక్రానికి చేరే శక్తి ఒక్కటే. 206 పోటీలు చాలావరకు రోలింగ్ స్టార్టుతో, అంటే బండ్లు కదులుతుండగానే, మొదలవుతాయి. గేరింగు సరిగా ఉంటే అతి నెమ్మదైన మలుపులో కూడా ఇంజన్ ఆ పట్టు వేగానికి పైనే తిరుగుతుంది. అంటే పిట్ నుండి బయలుదేరేటప్పుడు, బండి గిర్రున తిరిగి ఆగిపోయినప్పుడు తప్ప స్ప్రింగు సంగతి ఎవరికీ పట్టదు.

హెయిర్‌పిన్‌లో (వెనక్కి తిరిగే ఇరుకు మలుపులో) క్లచ్ జారుతోందని వచ్చే పిల్లల బండిలో తప్పు సాధారణంగా వెనుక స్ప్రాకెట్‌లో ఉంటుంది. తిన్నని భాగం చివర 5800 ఆర్‌పిఎం, హెయిర్‌పిన్‌లో 2950 కనిపిస్తున్నాయనుకుందాం. వెనుక 60 పళ్ళ స్ప్రాకెట్ తీసి 62 పళ్ళది వేస్తే, అదే వేగాల దగ్గర ఇంజన్ సుమారు 5990, 3050 తిరుగుతుంది. పైన లిమిటర్ తగలదు, కింద క్లచ్ జారదు. ఈ లెక్క పదకొండేళ్ళ పిల్లవాడు కాగితం మీద వేయగలడు, వేయాలి కూడా. సీలు వేసిన ఇంజన్ తరగతిలో పిల్లల చేతికి మిగిలినవి స్ప్రాకెట్, క్లచ్, కార్బ్యురేటర్‌లో పెట్రోలును అదుపు చేసే సూది క్లిప్పు, టైర్ల గాలి. వాటిలో ఒకదానిని తాళం వేసి పెట్టడం నాకు ఇష్టం లేదు.

పిట్‌లేన్_బెంగళూరు:

ఇక్కడ రోటాక్స్ మాక్స్ అనే ఇంకో కార్ట్ ఇంజన్ నడిపేవారి తరఫున ఒక మాట. అదీ సీలు వేసిన ఇంజనే, 125 సీసీ రెండు స్ట్రోకులది, అధీకృత సర్వీసు కేంద్రం తప్ప ఎవరూ విప్పకూడదు. ఆ నిబంధనల్లో ఒక పరిమితి ఉంది: డ్రైవర్ లేకుండా నేల మీద ఉన్న కార్ట్ ఇంజన్ 4000 ఆర్‌పిఎం చేరేలోపు కదలడం మొదలుపెట్టాలి. క్లచ్‌ను ఎక్కువ వేగంలో పట్టేలా చేసి లాభం పొందే దారి దానితో మూసుకుపోతుంది. మీ 206కు కూడా ఇలాంటి గరిష్ఠ పరిమితి పెట్టుకుంటే సరిపోతుందేమో పరిశీలించండి.

కృష్ణాతీరం (డాలస్):

ఇనుపచక్రం గారు చెప్పిన లెక్క అనుభవం ఉన్న పిల్లలకు వర్తిస్తుంది. కొత్తగా వచ్చే పిల్లలు ఎడమ కాలు బ్రేకు మీద, కుడి కాలు యాక్సిలరేటర్ మీద ఒకేసారి నొక్కి ఉంచుతారు. అప్పుడు షూలు డ్రమ్మును పట్టీ పట్టక రాపాడుతూనే ఉంటాయి. గట్టి స్ప్రింగు వేసిన బండిలో ఆ రాపిడి ఇంకా పై వేగంలో జరుగుతుంది కాబట్టి వేడి మరింత పుడుతుంది. డ్రమ్ము మీద నీలం రంగు తేలిందంటే ఉక్కు సుమారు 300 డిగ్రీలు చూసిందని అర్థం. షూల అంచు గాజులా మెరుస్తుంది, ఆ తరువాత అది ఎంత వేగంలోనూ సరిగా పట్టదు. మెత్తని స్ప్రింగునే అందరికీ నిర్ణయిస్తే ఈ ఖర్చు తప్పుతుంది. పైగా గరిష్ఠ పరిమితి పెడితే ప్రతి బండినీ స్టార్ట్ చేసి చూడాలి, రంగు అయితే కంటితో చూసి పంపవచ్చు.

ఇనుపచక్రం (హ్యూస్టన్):

వేడి గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. బ్రేకు, యాక్సిలరేటర్ కలిపి నొక్కే అలవాటు ఉన్నంతకాలం ఏ రంగు స్ప్రింగైనా కాలుతుంది. దానికి మందు తొలి రెండు వారాలు పిల్లల పక్కన నిలబడి నేర్పించడం. కొత్తవారికి మెత్తని స్ప్రింగు వేసుకోమని సలహా ఇవ్వండి, నేనూ ఇస్తాను. సలహాను నిబంధనగా మార్చినప్పుడే నాకు అభ్యంతరం.

అసలు అసమానత ఎక్కడుందో ఇప్పుడు చెప్పాలి. సీలు వేసినంత మాత్రాన ఇంజన్లన్నీ అచ్చు గుద్దినట్టు ఉండవు. తయారీలో ప్రతి కొలతకూ అనుమతించిన కొద్దిపాటి తేడా ఉంటుంది. స్థోమత ఉన్నవారు నాలుగైదు కొని, శక్తిని కొలిచే డైనో మీద నడిపి, మంచిది ఉంచుకుని మిగతావి అమ్మేస్తారు. ఆ అమ్మేసిన ఇంజనే మనలో ఎవరో ఒకరు సెకండ్‌హ్యాండ్‌లో కొంటారు. సీలు చెక్కుచెదరలేదు, ఏ నిబంధనా తప్పలేదు, కానీ తేడా వచ్చేసింది. స్ప్రింగు రంగు ఈ తేడాను తాకనైనా తాకదు. పైగా ఇంజన్ ఎంచుకునే స్తోమత లేని తండ్రి ఒక మధ్యాహ్నం కూర్చుని స్ప్రాకెట్, సూది, వాల్వుల సందు సరిచేసి ఆ తేడాలో కొంత తిరిగి రాబట్టుకోగలడు. ఉదాహరణకు ఇక్కడి వేడి మధ్యాహ్నాల్లో గాలి పలచబడి మిశ్రమంలో పెట్రోలు పాలు ఎక్కువై చిక్కబడుతుంది, క్లిప్పును ఒక గాడి పైకి జరిపి సూదిని దించితే బండి మళ్ళీ తేలికగా పరుగెడుతుంది. ఇలాంటి దారులను ఒక్కొక్కటిగా మూసేస్తూ పోతే చివరికి గెలిచేది ఎక్కువ ఇంజన్లు కొన్నవారే.

అందుకే నా ప్రతిపాదన వేరు. 2000లో ప్యూర్టో రికోలో మొదలైన రోటాక్స్ గ్రాండ్ ఫైనల్స్‌లో డ్రైవర్లకు ఇంజన్లను లాటరీలో ఇస్తారు. క్లబ్బు స్థాయిలో అంత చేయలేకపోయినా, అమెరికాలో కొన్ని చిన్న ఓవల్ (అండాకారపు ట్రాక్) తరగతుల్లో ఉన్న క్లెయిమ్ నిబంధన తెచ్చుకోవచ్చు: గెలిచిన ఇంజన్‌ను ముందే ప్రకటించిన ధరకు ఇంకో పోటీదారు కొనుక్కునే హక్కు ఉంటుంది. ఏరికోరి తెచ్చిన ఇంజన్ పోతుందన్న భయం ఉంటే ఐదు ఇంజన్లు కొనాలన్న కోరిక దానంతట అదే చల్లబడుతుంది.

నలుపు_స్లైడు (స్క్రూటినీ, అంటే బండ్ల తనిఖీ, వాలంటీర్):

రెండు వైపులా గౌరవం ఉంచుకుంటూనే చెబుతున్నాను, రంగు చూసి పంపడం అనుకున్నంత సులువు కాదు. ఒకసారి వేడెక్కిన స్ప్రింగు రంగు పొట్టులా రాలిపోతుంది, దాని బలం కూడా తగ్గుతుంది. ఎరుపు అని రాసిన నిబంధనకు నల్లబడిన స్ప్రింగు తెస్తే నేను ఆ పిల్లవాడిని తప్పించాలా, పంపాలా? బెంగళూరు మిత్రులు చెప్పిన పద్ధతి నాకు నచ్చింది. పోటీ ముగిశాక మేము ఎలాగూ మొదటి మూడు స్థానాల్లో వచ్చినవారి సీలు నంబర్లు, కార్బ్యురేటర్ గేజీలు, వాల్వు లిఫ్టు చూస్తాము. ఆ మూడు బండ్లనే నేల మీద ఉంచి, టాకోమీటరు పెట్టి, క్లబ్బు నిర్ణయించిన వేగం లోపు కదులుతున్నాయో లేదో చూడడానికి ఒక్కొక్కదానికి రెండు నిమిషాలు చాలు. ఆ పరిమితి ఎంత ఉండాలో ఇద్దరూ కలిసి ఒక అంకె రాసి పంపితే, క్లెయిమ్ ధరతో పాటు దానినీ సభ్యుల ముందు పెడతాను.