బ్లాక్‌జాక్‌లో ముక్కల లెక్క: హై-లో సాధన ఎలా మొదలెట్టాలి?

గంజాం_కుర్రాడు (బరంపురం)
అందరికీ నమస్కారం. రమ్మీ బాగానే వచ్చు, 21 దాటకుండా డీలరు కంటే ఎక్కువ తెచ్చుకోవాల్సిన బ్లాక్‌జాక్ మాత్రం కొత్త. అమరావతి ఎక్స్‌ప్రెస్ ఇక్కడ ఎక్కితే నేరుగా వాస్కోలో దిగొచ్చు కాబట్టి డిసెంబరులో గోవా వెళ్ళాలని ఉంది. ఈలోగా, పోయిన ముక్కల్ని బట్టి మిగిలినవి అంచనా కట్టే హై-లో లెక్క నేర్చుకోవాలి. వీడియోల్లో ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి వరకు అర్థమైంది, ఆ లెక్కని మిగిలిన పేకలకి సర్దే ట్రూ కౌంట్ దగ్గర ఆగిపోయాను. ఆరు పేకల్లో ఏ ముక్క పోయిందో గుర్తుంచుకోవడం మామూలు మనిషికి సాధ్యమేనా? ఇంట్లో ఏ వరసలో సాధన చెయ్యాలి? ఫోన్లో ఆన్‌లైన్ బల్ల మీద ఆడితే అలవాటవుతుందా?

వంశధార (గుణుపూర్)
తమ్ముడూ, ముందు రమ్మీ అలవాటు పక్కన పెట్టు. రమ్మీలో ఇస్పేటు ఏడు ఎవరెత్తారు, కళావరు రాణి ఎవరు పారేశారు అని ముక్క ముక్కా గుర్తుంచుకుంటాం. ఇక్కడ ఏ ముక్కా గుర్తుండక్కర్లేదు, రంగుతో అసలు పనే లేదు. బుర్రలో తిరగాల్సింది ఒకే ఒక్క అంకె.

2 నుంచి 6 దాకా ఏది కనబడినా ఒకటి కలుపు. 7, 8, 9 వదిలెయ్. పది, జాకీ, రాణి, రాజు, ఆసు కనబడితే ఒకటి తియ్యి. బల్ల మీద 5, రాజు, 3, 6, 9, ఆసు, 4 పడ్డాయనుకో. లెక్క 1, 0, 1, 2, 2, 1, 2 అని నడుస్తుంది. చిన్నవి ఎక్కువ పోతే మిగిలిన వాటిలో పదులు, ఆసులు ఎక్కువన్నమాట. అది నీకెందుకు మేలంటే, బ్లాక్‌జాక్ (మొదటి రెండు ముక్కల్లోనే ఆసు, పది విలువ ముక్క) పడితే నీకు ఒకటిన్నర రెట్లు వస్తుంది, డీలరుకి పడితే నీ పందెం మాత్రమే పోతుంది. పైగా డీలరు 16 మీద కూడా ముక్క తీసుకునే తీరాలి. పదులు ఎక్కువగా ఉన్నప్పుడు అతను 21 దాటిపోయే అవకాశం పెరుగుతుంది. నువ్వు ఆగిపోవచ్చు, అతను ఆగలేడు.

సాధనకి వరస ఉంది. మొదట బేసిక్ స్ట్రాటజీ పట్టిక, అంటే నీ ముక్కల్నీ డీలరు ముక్కనీ బట్టి ఏం చెయ్యాలో చెప్పే పట్టిక, కంఠతా రావాలి. దీన్ని దాటేసి లెక్క నేర్చుకున్నవాళ్ళకి లెక్క ఎందుకూ కొరగాదు. ఎందుకంటే ట్రూ కౌంట్ ఒక్కటి పెరిగితే నీకు కలిసొచ్చేది సుమారు అర శాతం. పట్టిక తప్పులతోనే అంతకంటే ఎక్కువ పోగొట్టుకోవచ్చు.

తర్వాత ఒక పేక తీసుకుని జోకర్లు పక్కన పెట్టు. బాగా కలిపి, ఒక ముక్క చూడకుండా బోర్లా పెట్టి, మిగిలిన 51 తిప్పుతూ లెక్కపెట్టు. మొత్తం పేక లెక్క సున్నాకి రావాలి కాబట్టి చివర +1 వస్తే బోర్లా ఉన్నది పెద్ద ముక్క, -1 వస్తే చిన్నది, సున్నా వస్తే 7, 8, 9లో ఒకటి. ముక్క తిప్పి చూస్తే లెక్క కుదిరిందో లేదో అక్కడే తేలిపోతుంది. ముప్పై సెకన్ల లోపు తప్పు లేకుండా రావాలి. వేగం చాలకపోతే రెండేసి ముక్కలు కలిపి చూడు. రాజూ 5 జంటగా పడితే సున్నా, చదవకుండానే వదిలెయ్యాలి. ఆ తర్వాత టీవీ పెట్టుకుని, పక్కన ఎవరో ఒకరు మాట్లాడుతుండగా చెయ్యి. కేసినోలో ఉండేది ఆ గోలే.

ఇంట్లో డబ్బులు పెట్టి మాత్రం ఆడొద్దు. ఒడిశాలో 1955 జూద నిరోధక చట్టం ఉంది. పందేలకి చింతపిక్కలు చాలు.

మహేంద్రగిరి (పర్లాకిమిడి)
ఆన్‌లైన్ సంగతి నేను చెప్తాను. ప్రోగ్రామ్‌తో నడిచే బ్లాక్‌జాక్‌లో సాధారణంగా ప్రతి ఆటకీ పేక కొత్తగా కలిసిపోతుంది. అక్కడ లెక్కపెట్టడం శుద్ధ దండగ. డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటల్ని 2025లో కేంద్రం చట్టం చేసి నిషేధించింది కూడా. డబ్బు లేని సాధన యాప్ అయితే పరవాలేదు.

కేసినోలో కూర్చునే ముందు బల్లని చూడాలి. పేకలు ఆగకుండా కలిపే యంత్రం ఉంటే, అంటే ఆడిన ముక్కలు ఆట అవ్వగానే తిరిగి అందులోకే పోతుంటే, లేచి వచ్చెయ్యండి. రెండోది, బ్లాక్‌జాక్‌కి 3కి 2 (ఒకటిన్నర రెట్లు) ఇస్తున్నారా, 6కి 5 (1.2 రెట్లు) ఇస్తున్నారా? 6కి 5 అయితే ఆ ఒక్క నియమానికే సుమారు 1.4 శాతం పోతుంది. మూడోది కోత ముక్క, అంటే ఎక్కడిదాకా పంచి మళ్ళీ కలపాలో చూపే ముక్క. ఆరు పేకల్లో నాలుగున్నర పంచి కలిపితే మంచి బల్ల. మూడు పంచి కలిపేస్తుంటే లెక్క పైకి వచ్చేసరికి ఆట అయిపోతుంది.

డీలరు తన రెండో ముక్క ఎప్పుడు తీసుకుంటున్నాడో కూడా చూడండి. అందరూ ఆడాక తీసుకునే పద్ధతిలో, అతనికి బ్లాక్‌జాక్ పడితే మీ డబుల్ పందెం (పందెం రెట్టింపు చేసి ఇంకొక్క ముక్కే తీసుకోవడం) మొత్తం పోవచ్చు. అక్కడ మీ 11కి ఎదురుగా పదో ఆసో ఉంటే డబుల్ వెయ్యకండి.

మజ్జిగౌరి_రాయగడ
భాగహారం కష్టమైతే నాకౌట్ పద్ధతి చూడు బాబూ. అందులో 7 కూడా +1, మిగతాదంతా హై-లోలాగే. ఆరు పేకలకి -20 దగ్గర మొదలెడతారు, -4 చేరేసరికి మొగ్గు నీవైపు తిరుగుతుంది. ట్రూ కౌంట్ గొడవే లేదు.

వంశధార (గుణుపూర్)
నాకౌట్ మంచిదే అక్కా, కాదనను. కానీ పేకల సంఖ్య మారితే మొదలెట్టే అంకె మారిపోతుంది. కొత్తవాడికి బల్ల మారిన ప్రతిసారీ అదో తికమక. హై-లో ఎప్పుడూ సున్నా నుంచే.

ఇక ట్రూ కౌంట్. నడుస్తున్న లెక్కని మిగిలిన పేకలతో భాగించడమే. లెక్క +8 ఉంది, ఆడేసిన ముక్కల ట్రేలో రెండు పేకలున్నాయి. మిగిలినవి నాలుగు కాబట్టి ట్రూ కౌంట్ +2. అదే +8కి ట్రేలో నాలుగు పేకలుంటే మిగిలినవి రెండే, ట్రూ కౌంట్ +4. తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే. చాలామంది మిగిలినవాటికి బదులు ఆడేసినవాటితో భాగించేస్తారు. ట్రేని కంటితో అంచనా వెయ్యడానికి ఒకే రకం ఆరు పేకలు కొనుక్కో. ఒకటి, ఒకటిన్నర, రెండు, ఇలా దొంతులు పేర్చి పక్క నుంచి చూసి చెప్పు, తర్వాత ముక్కలు లెక్కపెట్టి సరిచూసుకో. అర పేక తేడాలోపు చెప్పగలిగితే చాలు.

ఇంకో తప్పు, ఒకే ముక్కని రెండుసార్లు లెక్కపెట్టడం: పంచినప్పుడు ఒకసారి, డీలరు ఎత్తేటప్పుడు ఇంకోసారి. ముక్క తెరుచుకున్న క్షణంలోనే కలుపు, తర్వాత దాని జోలికి పోకు.

గంజాం_కుర్రాడు (బరంపురం)
చాలా థాంక్స్ అన్నా, ట్రూ కౌంట్ ఇప్పుడు అర్థమైంది. పందెం ఎప్పుడు ఎంత పెంచాలి? లెక్కపెడుతున్నామని తెలిస్తే గొడవవుతుందా?

మహేంద్రగిరి (పర్లాకిమిడి)
మంచి నియమాలున్న బల్లలో మొదట కేసినోకి సుమారు అర శాతం మొగ్గు ఉంటుంది. ట్రూ కౌంట్ +1 దగ్గర అది దాదాపు సమానమవుతుంది. కాబట్టి +1 దాకా ఒక యూనిట్టే, అంటే మీ మామూలు కనీస పందెమే. +2కి రెండు, +3కి నాలుగు, +4కి ఆరు, +5కి ఎనిమిది. అంతకు మించొద్దు. ఇంత చేసినా వంద ఆటలకి సగటున ఒక యూనిట్ అటూ ఇటూగా మిగులుతుంది, ఊగిసలాట మాత్రం పాతిక, ముప్ఫై యూనిట్లు. ఒక్క ట్రిప్పులో లాభం వస్తుందని లెక్కేసుకుని టికెట్ కొనకండి. వెయ్యి యూనిట్లు విడిగా ఉంటే తప్ప ఇలా పెంచుతూ ఆడకూడదు. అప్పు చేసి అస్సలు వద్దు.

రెండో ప్రశ్నకి: తలలో లెక్కపెట్టడం మోసం కాదు. అయినా కనిపెడితే ఆపెయ్యమంటారు, లేదా పందెం పెంచనివ్వరు. వాదించకుండా లేచి వచ్చెయ్యాలి. ఫోన్ గానీ మరే పరికరం గానీ వాడొద్దు. అమెరికాలోని నెవాడాలో 1985 నుంచి అది నేరం. మరోటి, గోవా కేసినోల్లోకి 21 నిండనివాళ్ళని రానివ్వరు, గుర్తింపు కార్డు పట్టుకెళ్ళండి.

వంశధార (గుణుపూర్)
పందెంతో పాటు ఆట మార్చాల్సినవి కూడా ఉన్నాయి. మొదట రెండు చాలు. ఇన్సూరెన్స్ (డీలరుకి ఆసు కనబడినప్పుడు అతనికి బ్లాక్‌జాక్ ఉందని వేసే పక్క పందెం) మామూలుగా వద్దు, ట్రూ కౌంట్ +3, ఆపైన ఉంటేనే తీసుకో. నీకు 16, డీలరుకి 10 ఉంటే, లెక్క సున్నా దాటితే ముక్క అడక్కుండా ఆగు. ఈ రెండూ తడుముకోకుండా వచ్చాక 15కి ఎదురు 10 కలుపుకో. అక్కడ ఆగాల్సింది +4 నుంచి.