ప్రొబేషన్‌లో తొలగింపునకు విచారణ అవసరమా?

ప్రశ్న: బెంగళూరులోని ఒక కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలో ప్రొబేషన్‌లో ఉన్న మా తమ్ముణ్ణి, నిధుల దుర్వినియోగం ఆరోపణను ఉత్తర్వులోనే ప్రస్తావిస్తూ, సంజాయిషీ అడగకుండానే తొలగించారు. ఇది చెల్లుతుందా అండీ?

మొదటి జవాబు: పనితీరు సంతృప్తికరంగా లేదని నియామక షరతుల ప్రకారం తొలగిస్తే సాధారణంగా విచారణ అక్కర్లేదు. అయితే ఆరోపణే తొలగింపునకు పునాది అయినప్పుడు అది శిక్షే అవుతుంది కాబట్టి, అభియోగాలు తెలిపి, తన వాదన వినిపించుకునే అవకాశం ఇచ్చి తీరాలి. ఉత్తర్వు రూపాన్ని కాక సారాన్ని చూడాలని 1974లో షంషేర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ తమ్ముడికి జరిగింది నా దృష్టిలో స్పష్టమైన అన్యాయం.

రెండవ జవాబు: విచారణ లేకుండా ప్రభుత్వోద్యోగులను తొలగించకూడదనే రాజ్యాంగంలోని 311వ అధికరణ రక్షణ ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులకు వర్తించదండీ. సమానత్వ హక్కునిచ్చే 14వ అధికరణ, సంస్థ సర్వీసు నిబంధనలు ఆధారంగా ముందు అప్పీలు చేసి, ఫలితం లేకపోతే కర్ణాటక హైకోర్టులో రిట్ పిటిషన్ (హక్కుల రక్షణ కోసం వేసే అర్జీ) వేయండి, ఆలస్యం చేయకండి.