ఎలిజబెత్ కాటన్ నాదం రావాలంటే గిటార్ తిరగేసి పట్టాల్సిందేనా?

ఆరుతీగలు: అమెరికన్ జానపద గిటారిస్టు, గాయని ఎలిజబెత్ కాటన్ తొలి ఆల్బమ్ గురించి ఈ చర్చ. దాన్ని 1958లో ఫోక్‌వేస్ అనే రికార్డు కంపెనీ విడుదల చేసింది. ఆవిడది ఎడమచేతి వాటం. కుడిచేతివాళ్ల గిటార్‌నే, తీగలు మార్చకుండా, తిరగేసి పట్టుకునేవారు. దాంతో సన్నతీగలు పైకి, లావుతీగలు కిందికి వచ్చాయి. చూపుడువేలు బేస్ (లావుతీగల మంద్రస్వరాలు) మీటుతుంటే బొటనవేలు పాట వరస పలికిస్తుంది. మామూలుగా పట్టుకుంటే ఆ నాదం రాదని నా వాదన.

పల్లెబాణీ: వస్తుందండి. ఆవిడ పాట 'ఫ్రైట్ ట్రైన్' సి కీలో, అంటే సి స్వరం ఆధారంగా ఉంది. సి, జి, ఇ7, ఎఫ్ కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) చాలు. సి మీద బొటనవేలితో ఐదో తీగ, నాలుగో తీగ (అన్నిటికంటే సన్నది ఒకటోది, లావుది ఆరోది) మార్చి మార్చి మీటండి. వరస చూపుడు, మధ్య వేళ్లకు వదలండి. స్వరాలన్నీ అవే.

ఆరుతీగలు: స్వరాలు అవే, బరువు మాత్రం వేరు. వేళ్లన్నిటిలో బలమైనది బొటనవేలు. ఆవిడ చేతిలో ఆ బలం వరసకు పోయింది, మన చేతిలో బేస్‌కు పోతుంది. అందుకే మనం వాయిస్తే బేస్ కింద పాట నలిగిపోతుంది.

పల్లెబాణీ: దానికి మందుంది. అరచేతి అంచును లావుతీగల మీద, సరిగ్గా బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగల కొసలను పట్టే చెక్క) దగ్గర తేలిగ్గా ఆనించండి. కాస్త ముందుకు జరిగితే బేస్ మూగబోతుంది, వెనక్కి జరిగితే అసలు అణగదు. థంబ్‌పిక్ (బొటనవేలికి తొడిగే మీటుగోరు) తీసేయండి. సన్నతీగలను గోటితో కాకుండా వేలికొస కండతో, సౌండ్‌హోల్ (గిటార్ మధ్య గుండ్రటి రంధ్రం) వైపు మీటండి. నాదంలో సన్నదనం పోతుంది.

మరమ్మతుబల్ల: తిరగేసి చూడాలనుకునేవాళ్లకు ఒక మాట. చాలామంది దీన్ని ఎడమచేతి వాటానికి తీగలు మార్చడంతో కలిపేస్తున్నారు. తీగల వరస మారిస్తే లావుతీగ నట్టు (మెడ చివర తీగలు కూర్చునే గాళ్ల పట్టీ) మీది సన్నగాడిలో కూర్చోదు, శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ) ఏటవాలు తలకిందులై పై ఫ్రెట్లలో (మెడ మీది అడ్డకమ్మీలు) శ్రుతి తప్పుతుంది. కాటన్ పద్ధతిలో ఏ తీగా కదలదు కాబట్టి నట్టూ శాడిలూ ముట్టుకోనక్కర్లేదు. పిక్‌గార్డ్ (గీతలు పడకుండా అంటించే రేకు) పైకి వస్తుంది, అంతే.

పల్లెబాణీ: ఖర్చు లేదు, నిజమే. కానీ కార్డులన్నీ మొదటినుంచి నేర్చుకోవాలి. పైగా ఆ ఆల్బమ్ నాదం చేతివాటంతోనే రాలేదు. జానపద సంగీతకారుడు మైక్ సీగర్ దాన్ని స్టూడియోలో కాదు, ఆవిడ ఇంట్లోనే టేపు మీద రికార్డు చేశారు. ఆ గది కూడా అందులో వినబడుతుంది. ఇక అందులోని 'వాస్టపోల్' ఓపెన్ డి శ్రుతిలో (ఏ తీగా నొక్కకుండానే డి కార్డు మోగేలా) ఉంది: ఆరో తీగ, ఒకటో తీగ డికి, రెండోది ఎకి, మూడోది ఎఫ్ షార్ప్‌కు దించాలి. సన్నరకం సెట్ వేసి ఉంటే ఆరోది వదులై ఫ్రెట్లకు కొట్టుకుంటుంది. 12 సెట్ (ఒకటో తీగ మందం 0.012 అంగుళాలు) వేయండి.

ఆరుతీగలు: గది సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆవిడ వాయింపు పుట్టిందే ఆ పట్టులో. నార్త్ కరొలైనాలో చిన్నప్పుడు అన్న బాంజోను తిరగేసి పట్టుకోవడంతో మొదలైంది. మైక్ కుటుంబం సీగర్ల ఇంట్లో పనికి కుదిరాక, ఏళ్ల తరబడి వదిలేసిన గిటార్ మళ్లీ అందుకున్నప్పుడూ అదే పట్టు. బొటనవేలు కిందికి దూస్తే ముందు సన్నతీగలే మోగుతాయి. మనకు ముందు లావుతీగలు మోగుతాయి. అరచేయి ఆనిస్తే ఈ తేడా పోదు కదా?

పల్లెబాణీ: చూపుడువేలితో కిందినుంచి పైకి దూయండి. మనకూ ఒకటో తీగే ముందు మోగుతుంది.

ఆరుతీగలు: క్రమం వచ్చింది, బొటనవేలి బరువు రాలేదు. నేను తిరగేసే నేర్చుకోమంటాను.