జీబ్రాఫిష్ లార్వాల్లో లెన్స్ మధ్యలో తెల్ల మచ్చ, ఏ జీన్ వల్ల కావచ్చు?

చేపకన్ను:
అందరికీ నమస్తే, మా మ్యూటెంట్ (జీన్‌లో మార్పు ఉన్న) జీబ్రాఫిష్ లైన్‌లో నాలుగో రోజుకి కొన్ని లార్వాల లెన్స్ మధ్యలో తెల్లగా కనిపిస్తోంది, కన్ను కూడా కొంచెం చిన్నగా ఉంది, అదే బ్యాచ్‌లో మిగతావి శుభ్రంగా ఉన్నాయి. కన్ను ఏర్పడడాన్ని నడిపించే పాక్స్6 జీన్ ఏమో అని డౌటు, కానీ ఎలుకల్లో రెండు కాపీలూ పోతే అసలు కన్నే రాదు కదా, మరి ఇది ఎలా?

లెన్స్‌పిచ్చి:
చేపల్లో లెక్క వేరే అండీ. టెలియోస్ట్ చేపల (ఎముకల చేపల్లో అతి పెద్ద గుంపు, జీబ్రాఫిష్ ఇందులోదే) పూర్వీకుల్లో జీనోమ్ మొత్తం డబుల్ అయింది, అందుకే జీబ్రాఫిష్‌కి పాక్స్6ఎ, పాక్స్6బి రెండున్నాయి. సన్‌రైజ్ మ్యూటెంట్‌లో పాక్స్6బి దెబ్బతింటే కన్నూ లెన్సూ చిన్నవవుతాయి గానీ చేప బతికేస్తుంది. కాబట్టి పాక్స్6ని పక్కన పెట్టేయకండి.
కానీ నేనైతే ముందు లెన్స్‌ని పల్చని ముక్కలుగా కోసి (సెక్షన్), న్యూక్లియస్‌లు కనిపించేలా చేసే డాపీ స్టెయిన్ వేస్తా. లెన్స్‌లో ఉండే పొడవాటి ఫైబర్ సెల్స్ క్లియర్‌గా ఉండాలంటే న్యూక్లియస్‌నీ మిగతా ఆర్గనెల్స్‌నీ (సెల్ లోపలి భాగాల్నీ) వదిలించుకోవాలి, మామూలు లార్వాలో మధ్యలో ఉండే సెల్స్‌కి మూడో రోజు దాటేసరికి ఈ పని దాదాపు అయిపోతుంది. మీ వాటిలో ఇంకా న్యూక్లియస్‌లు మిగిలుంటే ఈ పనికి అవసరమైన హెచ్‌ఎస్‌ఎఫ్4, బీఆర్‌జీ1 లాంటి జీన్లు చూడండి, న్యూక్లియస్‌లు లేకుండానే తెల్లగా ఉంటే క్రిస్టలిన్లు (లెన్స్‌ని పారదర్శకంగా ఉంచే ప్రోటీన్లు), ఆక్వాపోరిన్0 (సెల్ పొరలో నీటి దారిగా పనిచేసే ప్రోటీన్) వైపు వెళ్లండి. అన్నట్టు ఆక్వాపోరిన్0కి కూడా రెండు కాపీలున్నాయి, రెండూ చూడండి.

గుహచేప:
పైన చెప్పింది కరెక్టే కానీ ఒక్క మాట, తప్పు లెన్స్ జీన్‌లోనే ఉండాలని లేదు! క్లోష్ అనే జీబ్రాఫిష్ మ్యూటెంట్ చూడండి, అందులో పోయేది రక్తకణాలూ రక్తనాళాలూ, అయినా ఆల్ఫాఎ క్రిస్టలిన్ తగ్గిపోయి గామా క్రిస్టలిన్లు కరగకుండా ఉండిపోయి క్యాటరాక్ట్ (లెన్స్ తెల్లబడడం) వస్తుంది, ఆల్ఫాఎ ఎక్కువగా ఇస్తే లెన్స్ బాగుపడింది కూడా. నాకు ఇంకా ఇష్టమైంది మెక్సికో గుహల్లో ఉండే, కళ్లు క్షీణించిపోయే చేపల ప్రయోగం, 2000లో యమమోటో, జెఫ్రీ అదే జాతికి చెందిన, బయట ఉండే కళ్లున్న ఉపరితల చేప లెన్స్‌ని గుహ చేప పిండంలో పెడితే కన్ను పెరిగింది, తిరగేసి చేస్తే ఉపరితల చేప కన్ను క్షీణించింది. అంటే లెన్స్ ఆగిపోతే మిగతా కన్ను కూడా వెనకబడుతుంది, మీ వాటిలో కన్ను చిన్నగా ఉండడానికి అదీ కారణం అయ్యుండొచ్చు.

చేపకన్ను:
చాలా థాంక్స్ ఇద్దరికీ. మరి మార్ఫొలినోతో (పిండంలోకి ఇంజెక్ట్ చేసి జీన్ పనిని తాత్కాలికంగా ఆపే అణువుతో) జీన్ ఆపి చూస్తే సరిపోతుందా?

లెన్స్‌పిచ్చి:
దానొక్కదాన్నే నమ్మకండి, ఆఫ్ టార్గెట్ (అనుకోని చోట పనిచేయడం) వల్ల సెల్స్ చచ్చిపోయి కళ్లు చిన్నవవడం మామూలే. తెల్లగా ఉన్నవీ, బాగున్నవీ రెండు గుంపుల్నీ జీనోటైప్ చేయండి (ఏ జీన్ కాపీలున్నాయో చూడండి), రిసెసివ్ (రెండు కాపీలూ పోతేనే కనిపించేది) అయితే, ఒక్కో చెడ్డ కాపీ ఉన్న తల్లిదండ్రుల పిల్లల్లో సుమారు నాలుగో వంతుకి రావాలి. ఇంకోటి, ఫొటోలు బతికున్నప్పుడే తీయండి, ఫిక్స్ చేశాక (కెమికల్‌లో నిల్వ చేశాక) మంచి లెన్స్ కూడా తెల్లబడుతుంది.